ఒక్క లాగుకి వీడే ముడి

భయాలు ఎక్కువున్న మనిషిని నేను. రైలు ఆలస్యమైతే భయం, టైముకి వస్తే ఎక్కలేనేమోనని భయం. నన్ను ఎక్కడికైనా పంపేటప్పుడు టికెట్టుతో పాటు కాస్త ధైర్యం కూడా కొనిపెట్టాలంటారు మా ఆయన. అలాంటిదాన్ని మొన్న ఆగస్టులో ఒక్కదాన్నే విశాఖపట్నంలో రైలెక్కి, గుంటూరు మీదుగా పాత ప్రకాశం జిల్లా పొలిమేర దాకా వెళ్ళి వచ్చాను. దారి పొడుగునా నేను భయపడినవేవీ జరగలేదు. జరిగింది వేరు. అందులో తప్పు నాది కాబట్టి నేనే రాయాలి.

పిలిచింది సుజాత. బి.ఎడ్.లో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. నేను సోషల్ టీచరుగా రిటైరయ్యాను, తను ఇంకా చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఒక ఊరి బళ్ళో హెడ్మిస్ట్రెస్. ఊరి పేరు చెప్పను. ఆగస్టు పద్నాలుగున దేశ విభజన విషాద స్మృతి దినం జరపాలి, మర్నాడు జెండా పండుగ. "మా ఊళ్ళో విభజన అంటే హైదరాబాదు పోయిందనే అనుకుంటారే. నువ్వొచ్చి మీ వీధి మాసీ సంగతి పిల్లలకి చెప్పు" అంది ఫోన్లో.

మాసీ అంటే మా చిన్నప్పటి వీధిలో బట్టల కొట్టు నడిపిన సింధీ వాళ్ళ ఇంటి పెద్దావిడ. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను.

గుంటూరు

పదమూడో తారీఖు మధ్యాహ్నం గుంటూరులో దిగాను. స్వాతంత్ర్య దినోత్సవం ముందు కదా, ప్లాట్‌ఫారం మీద పోలీసులు కుక్కను తిప్పుతున్నారు. అది నేరుగా వచ్చి నా సంచి దగ్గర ఆగింది. ఏం తెచ్చారమ్మా అని కానిస్టేబుల్ అడిగితే పొట్లంలో ఉన్నదాని పేరు కూడా గుర్తురాలేదు. చివరికి ఆయనే పొట్లం విప్పి వాసన చూసి, ఆవపిండి, అని తన మాటగా తనే చెప్పుకుని కట్టి ఇచ్చేశాడు. మా వైపు కూరల్లో ఆవ పెట్టందే తోచదు. సుజాతకి ఇష్టమని అరకిలో తెచ్చాను.

చిలకలూరిపేట బస్సెక్కాను. మిర్చి యార్డు వైపు గాలి తగిలిందో లేదో, నాకు దగ్గు మొదలైంది. కళ్ళల్లో నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. బస్సులో ఇంకెవరూ దగ్గలేదు. అరవైమందిలో నేనొక్కదాన్నే. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ తన కొంగు తీసి నా ముక్కుకి అడ్డం పెట్టింది. "కొత్తవాళ్ళకి అట్టాగే ఉంటదమ్మా. మా ముక్కులు ఎప్పుడో చచ్చిపోయినై" అంది. ఆవిడ మాటకి నవ్వాను. ఆ మాటే రెండు రోజుల తర్వాత నా మెడకి చుట్టుకుంటుందని తెలియదు.

పేట బస్టాండులో పచ్చిమిర్చి బజ్జీలు ప్లేటు ముప్ఫై రూపాయలు. మా ఊళ్ళో మిరపకాయలోని గింజలు తీసి, వాము, చింతపండు కూరతారు. ఇక్కడ గింజ కూడా తీయరు. ఒకటి తిని మిగతావి సుజాతకి తీసుకెళ్ళాను.

నల్లరేగడి

ఊళ్ళో దిగేసరికి చినుకులు. నాలుగడుగులు వేస్తే చెప్పులకి కిలో మట్టి అంటుకుంది. మా వైపు ఎర్రనేల, వాన పడితే జారుతుంది గానీ పట్టుకోదు. ఇది పట్టుకుంటే వదలదు. బడి ప్రహరీ దాకా పత్తి చేలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. కాలవ పక్కన మిరప నారుమళ్ళ మీద పాత చీరలు కప్పారు. వాన వెలిసీ వెలియకముందే ఇద్దరు మనుషులు వీపుకి ట్యాంకులు తగిలించుకుని పత్తికి మందు కొడుతున్నారు. గాలి ఇటు తిరిగితే ఒక ఘాటు. ఇక్కడ మందు అంటే పురుగుమందే.

సుజాత నాకు భయాలన్నీ ఒకేసారి అప్పజెప్పింది. వెనక నీలం డ్రమ్ములో నీళ్ళు ముట్టుకోకు, అది మందు కలిపే డ్రమ్ము. సాయంత్రం గట్ల వెంట నడవకు, పాములు. పొలంలో దొరికిన సీసా ఏదీ ఎత్తకు. ఇన్ని చెప్పింది గానీ వంటింటి వసారాలో విడిగా ఒక మేకుకి వేలాడే గుడ్డసంచి గురించి చెప్పలేదు. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లో అలాంటి మేకు ఒకటుంటుంది. మరకి ఎండుమిరపకాయలు పట్టుకెళ్ళి కారం ఆడించుకొచ్చే సంచి అది. దులిపి ఆ మేకుకే తగిలిస్తారు, ఇంకో వస్తువు అందులో వేయరు. పాలగిన్నెలో మజ్జిగ పోయకూడదని ఎవరూ ఎవరికీ చెప్పనట్టే, ఇదీ చెప్పే సంగతి కాదు వాళ్ళకి.

రాత్రి భోజనంలో గోంగూర, నెయ్యి, పండుమిర్చి పచ్చడి. రెండు ముద్దలకే చెవులు మూసుకుపోయాయి. ఆవపిండి డబ్బాలోకి ఒంపుకుంటూ, మా కారానికి ఇది చిన్నపిల్లల మందులే అని సుజాత నన్ను ఏడిపించింది.

పద్నాలుగో తారీఖు

పొద్దున్నే సుజాత బంతిపూలు, గులాబీలు తెప్పించి, జెండాలో కట్టడానికి రేకలు వలిచి తెమ్మని నాకప్పగించి ముందే బడికి వెళ్ళిపోయింది. వలిచాను. ఫ్యాను కింద ఆరబెట్టాను. పట్టుకెళ్ళడానికి సంచి కోసం చూస్తే వసారాలో మేకుకి శుభ్రంగా మడతపెట్టి కనిపించింది. అందులో పోసుకుని బడికి వెళ్ళాను. బొటనవేలు చురుక్కుమంది. బంతిపూల పసరనుకున్నాను.

బళ్ళో వరండా పొడుగునా ఫోటోలు అంటించారు. రైలు పైకప్పుల మీద జనం, ఎడ్లబళ్ళ వరసలు, తలమీద మూటలు. నూటయాభైమంది పిల్లలు నేలమీద కూర్చున్నారు. నేను మాసీ గురించి చెప్పాను.

మాసీ బతికినన్నాళ్ళూ తలుపుకి ఎదురుగా కూర్చునేది. తలుపు పక్కన ఎప్పుడూ ఒక మూట. రెండు జతల బట్టలు, వేయించిన సెనగలు. నెలకోసారి సెనగలు మార్చి, పాతవి మాకు పంచేది. ఆ సెనగల కోసమే మేము వెళ్ళేవాళ్ళం. ఎందుకీ మూట అని అడిగితే ఒకటే చెప్పేది. విభజనప్పుడు సింధులో వెళ్ళిపొమ్మని చెప్పింది పక్కింటి ముస్లింలేనట. ఆ పొద్దున తనతో టీ తాగినవాళ్ళేనట.

అక్కడికి వచ్చేసరికి పిల్లలు చడీచప్పుడు లేకుండా అయిపోయారు. వెనక వరసలో అల్లరి చేస్తున్నవాళ్ళు కూడా నోరు తెరుచుకుని చూస్తున్నారు. ముప్ఫైయేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఆ నిశ్శబ్దం రుచి నాకు తెలుసు. అక్కడే ఆపేశాను. మాసీ చెప్పే కథకి ఇంకో సగం ఉంది. అది చెబితే ఆ బిగువు సడలిపోతుందనిపించింది. చెప్పలేదు.

ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది. ఆరో తరగతి ఉంటుంది.

"మరి మన ఊళ్ళో ఎవరు వెళ్ళిపోవాలండీ?"

ఆ పిల్ల మనసులో విషం లేదు. పరీక్షలో అడుగుతారేమోనని తెలుసుకుంటున్నట్టుగా అడిగింది. కానీ నాలుగైదు తలలు కిటికీ వైపు తిరిగాయి. కిటికీ అవతల జెండా కర్రకి తాడు మారుస్తూ ఒకాయన నిలబడి ఉన్నాడు. ఎవరూ వెళ్ళక్కర్లేదు, కూర్చోమ్మా అన్నాను.

ఆయన మస్తాన్ గారు. ఊళ్ళో పరుపులు, దిండ్లు కుడతారు. వాళ్ళ తాతల నుంచీ దూది ఏకడమే పని. అరవై దాటిన మనిషి. ఇరవైరెండేళ్ళుగా ఆ బడి జెండా ఆయనే కడుతున్నాడు. మస్తాన్ అనే పేరు ఇక్కడ హిందువుల ఇళ్ళల్లోనూ పెట్టుకుంటారు, మొక్కుకుని. కాబట్టి ముస్లిమని పేరుని బట్టి నాకు తెలియలేదు. పిల్లల తలలు తిరిగిన తీరుని బట్టి తెలిసింది.

మధ్యాహ్నం ఆఫీసు గదిలో ఆయన జెండా కడుతుంటే దగ్గర కూర్చుని చూశాను. బల్ల తుడిచి, చేతులు కడుక్కుని, జెండాని నాలుగు మడతలు పెట్టి, మధ్యలో రేకలు పోయించుకున్నాడు. చుట్ట చుట్టి జారుముడి వేశాడు. ఒక్క లాగుకి వీడిపోవాలమ్మా, రెండోసారి లాగారంటే కట్టినవాడి పరువు పోయినట్టే, అన్నాడు. పూల వాసన బాగుంది కదండీ అని నేను మాట కలిపితే నవ్వాడు. దూది దుమ్ముతో ఆయన ముక్కు పనిచెయ్యడం మానేసి చాలా ఏళ్ళయిందట.

సాయంత్రం నాకు కన్ను మండింది. కళ్ళకలక అంటుకుందని బెంగపడి నాలుగుసార్లు కడిగాను. అసలు భయం అది కాదు. సుజాత పక్కింటి అరుగు మీద ఇద్దరు రైతులు మాట్లాడుకుంటున్నారు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళి మాసీ కథ చెప్పినట్టున్నారు. మన ఊళ్ళో వాళ్ళ గడపలెన్ని అని ఒకాయన అడిగాడు. రెండో ఆయన వేళ్ళు మడిచి పదకొండు అన్నాడు. అంతే, తర్వాత వానల గురించి మాట్లాడుకున్నారు. చెడ్డ మాట ఒక్కటీ లేదు. కానీ అంతకుముందు రోజు వాళ్ళు ఆ గడపలు లెక్కపెట్టుకుని ఉండరు.

పదిహేనో తారీఖు

పొద్దున బడి కళకళలాడుతోంది. కర్ర చుట్టూ ముగ్గు వేశారు. మిగిలిన రేకలు ముగ్గు మీద చల్లి, ఖాళీ సంచి చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. సర్పంచి గారు తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. మస్తాన్ గారు తాడు ఆయన చేతికిచ్చి పక్కకి జరిగాడు.

ఒక్క లాగుకే ముడి వీడింది. జెండా విచ్చుకుంది. జెండా విచ్చుకున్నప్పుడు ఎవరైనా ఏం చేస్తారు, తలెత్తి చూస్తారు. నూటయాభైమంది పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని తలెత్తి చూస్తుండగా రేకలు రాలాయి.

ముందు సర్పంచి గారు రెండు చేతులతో కళ్ళు పట్టుకున్నారు. తర్వాత ముందు వరస పిల్లలు. తర్వాత రెండో వరస. దగ్గు, ఏడుపు, కళ్ళు నలుపుకోవడం. జనగణమన మొదటి పాదంలోనే చెదిరిపోయింది. గేటు దగ్గర ఎవరో అరిచారు, జెండాలో మందు పెట్టార్రా అని. మందు అన్న మాట పత్తి చేల మధ్య ఎలా పనిచేస్తుందో నాకప్పుడు తెలిసింది. ప్రతి ఇంట్లోనూ ఆ డబ్బా ఉంటుంది, దాంతో పోయినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. తల్లులు ప్రహరీ దూకి వచ్చారు. పిల్లల్ని ఎత్తుకుని బోరింగు దగ్గరికి పరిగెత్తారు.

అప్పుడు ఒకాయన కట్టిందెవరని అడిగాడు. జవాబు అందరికీ తెలుసు.

"నిన్న ఆ మేడమ్ చెప్పింది ఇన్నారుగా. పొద్దున టీ తాగినోళ్ళేనంట."

నా కథ నాకే తిరిగి వినిపించింది. మస్తాన్ గారు కర్ర పక్కనే నిలబడి ఉన్నాడు. నేను కట్టలేదనలేదు, నాకు తెలియదనలేదు. జనాన్ని కాదు, నన్ను చూస్తున్నాడు. నన్ను కూడా కాదు, నా చేతిలో సంచిని.

సంచిలోకి చూశాను. కుట్ల వెంబడి ఎర్రగా ఉంది. బొటనవేలి మంట, కంటి మంట, బస్సులో దగ్గు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. కారం ఘాటుకి వీళ్ళ ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయి, అందుకే ఎవరూ పోల్చుకోలేదు. లేచి చెప్పాలి. లేవలేదు. జాతీయ జెండా, పోలీసులు, కేసు, ఎత్తి పట్టుకున్న ఫోన్లు, సుజాత ఉద్యోగం, నా పెన్షను, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఎవరో ఒకరు వచ్చి ఇది కారమేనని కనిపెడితే బాగుండును, నేను చెప్పకుండా తీరిపోతే బాగుండును అనుకుంటూ కూర్చున్నాను. సుజాత తర్వాత రెండు నిమిషాలు కూడా అయి ఉండవంది. నన్ను ఓదార్చడానికి అన్న మాట అది. ఆ రెండు నిమిషాలూ నేను సంచి నోరు మూసి పట్టుకున్నాను.

మస్తాన్ గారు కదిలి గేటు వైపు నడిచాడు. జనం దారి ఇచ్చారు. ఎవరూ ముట్టుకోలేదు, ఏమీ అనలేదు. ఆయన గేటు దాటాక నలుగురు మగవాళ్ళు ఆయన వెనకే బయలుదేరారు. అది చూశాక నాకు నా భయం కన్నా పెద్ద భయం పుట్టింది.

లేచి వెళ్ళి సర్పంచి గారి ముందు బల్ల మీద సంచి తిరగేసి దులిపాను. తెల్లగుడ్డ మీద ఎర్రటి పొడి పడింది.

"మందు కాదండీ, కారం. ఈ సంచిలో పూలు పోసింది నేను. ఆయనకి తెలియదు."

సుజాత పరిగెత్తుకొచ్చి సంచి చూసి నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. కారం సంచిలో పూలు పోశావుటే అంది. ఆ మాట చెవిన పడ్డవాళ్ళు ముందు నమ్మలేదు, తర్వాత నవ్వారు. కారం సంచిలో ఎవరైనా పూలు పోస్తారా అని ఒకరికొకరు చెప్పుకుని మళ్ళీ నవ్వారు. ఆడవాళ్ళు మజ్జిగ తెచ్చి పిల్లల కళ్ళు తుడిచారు. సర్పంచి గారు ఎర్రకళ్ళతో, మన కారమేగా, మనల్నేం చేస్తది అన్నారు. అయిదు నిమిషాల్లో జనగణమన మళ్ళీ మొదలైంది. సుజాత మనిషిని పంపి ఆ నలుగురినీ వెనక్కి పిలిపించింది. మస్తాన్ గారి గడప ముందు దాకా వెళ్ళి ఊరికే నిలబడ్డారట, అంతేనట.

తర్వాత డాన్సులు, బహుమతులు, బూందీ, కారప్పూస. కారప్పూస దగ్గర నా మీద జోకులు. మస్తాన్ గారు రాలేదేమని నేను అడిగితే, వస్తాడులెండి, ఆయన అట్టాంటివి పట్టించుకోడన్నారు. నిజంగానే అలా అనుకున్నారు వాళ్ళు.

మస్తాన్ గారి ఇల్లు

నేను వెళ్ళాను. సుజాత వస్తానంటే వద్దన్నాను. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో సగం దూది. తలుపు తీసే ఉంది. మస్తాన్ గారి భార్య హుసేన్‌బీ గారు తలుపుకి ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. తలుపు పక్కన దుప్పటితో కట్టిన మూట.

నా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. ఆ కూర్చోవడం నాకు తెలుసు. ఆ మూట ఉన్న చోటు నాకు తెలుసు. ఎనిమిదేళ్ళప్పుడు సెనగల కోసం నేను నిలబడిన గడప అది. దాన్ని నేనే విశాఖపట్నం నుంచి మోసుకొచ్చి ఇక్కడ దించాను.

ఆవిడ లేచి మంచినీళ్ళిచ్చారు. మస్తాన్ గారు స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు. తప్పైపోయింది, క్షమించండి అన్నాను.

"సంచి మీ చేతిలో చూశానమ్మా" అన్నాడాయన. కోపంగా అనలేదు. "నేను చెబితే ఎవరు నమ్ముతారు? మీరే చెప్పాలి. చెబుతారులే అని, గేటు దాకా మెల్లిగా నడిచా."

ఏడుపొచ్చింది. ఏడిస్తే వాళ్ళు నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. మాసీ కథలో నేను మింగేసిన సగం అప్పుడు వాళ్ళిద్దరికీ చెప్పాను. ఆ రోజు మాసీని, ముగ్గురు పిల్లల్ని స్టేషను దాకా తీసుకెళ్ళి రైలెక్కించింది కూడా ఆ పక్కింటివాళ్ళలో ఒకాయనే. సెనగల మూట కట్టి ఇచ్చింది ఆయన భార్యే. మాసీ ఆ సగం చెప్పకుండా కథ ఎప్పుడూ ముగించలేదు.

హుసేన్‌బీ గారు మూట వైపు చూశారు. మస్తాన్ గారు, "ఆ ముక్క నిన్న చెప్పాల్సిందమ్మా, పిల్లలకి" అన్నాడు.

సాయంత్రం

పొద్దు కుంకకముందే జెండా దించాలి. ఆయన రాడేమోనని సుజాత, నేను కర్ర దగ్గర నిలబడ్డాం. వచ్చాడు. తెల్లచొక్కా మార్చలేదు. పిల్లలు పదిమంది కూడా లేరు, ఆటల కోసం ఉండిపోయినవాళ్ళు. రెండు జడల పిల్ల వాళ్ళలో ఉంది. వాళ్ళనే కూర్చోబెట్టి మాసీ కథ రెండో సగం చెప్పాను. బుద్ధిగా విన్నారు. నిన్నటి నిశ్శబ్దం రాలేదు. మధ్యలో ఒకరు బంతి కోసం లేచి వెళ్ళిపోయారు. పక్కింటాయన రైలెక్కించిన కథ ఎంతమంది ఇళ్ళకి చేరుతుందో నాకు తెలియదు.

జెండా దించాక మస్తాన్ గారు రెండో కొస నన్ను పట్టుకోమన్నాడు. ఇద్దరం గాలివాలు చూసి చాలాసేపు దులిపాం. ఆయన కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి, పొద్దున ఆయనకి ఎవరూ మజ్జిగ ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. మడత పెట్టి సుజాత చేతికిచ్చాడు. వచ్చే ఏడు కూడా మీరే కట్టాలి అని సుజాత అంటే, ఒక్క లాగుకి వీడిందిగా అని మాత్రం అన్నాడు.

గేటు దాకా ఆయనతో నడిచాను. ఊరుకోలేక అడిగాను, ఇంటి దగ్గర ఆ మూట విప్పేశారా అని.

"దాంట్లో ఏముందమ్మా, రెండు దుప్పట్లు, ఆధార్ కార్డులు. ఉండనీండి. విప్పితే మళ్ళీ కట్టుకోవాలిగా."

చెప్పులు తొడుక్కుని, నల్లమట్టిలో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.